ముడి పోస్ట్ డేటాను ముందు భద్రపరచి, తరువాత విడగొట్టే పీహెచ్‌పీ స్క్రిప్ట్: ప్రాజెక్టు డైరీ

దశ 0: ఉన్నది, కావలసినది

మాండలిక పదాలను సేకరించే ఒక చిన్న ఫారం కొన్నేళ్లుగా నడుస్తోంది. తెలంగాణలో దారిని తొవ్వ అంటారని, రాయలసీమలో ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటారని, ఇలా తమకు తెలిసిన మాటను, దాని అర్థాన్ని, వాడుక సందర్భాన్ని జనం రాసి పంపుతారు. పాత స్క్రిప్ట్ వచ్చినదాన్ని వచ్చినట్టే డేటాబేస్ పట్టికలోకి ఎక్కించేది. ఆ పట్టికలో ఇప్పుడు కొన్ని పదాలు మధ్యలో తెగి ఉన్నాయి, కొన్నింటి చివర ఏ భాషదో తెలియని అక్షరం కనిపిస్తోంది. పంపినవారు అసలు ఏమి పంపారో తేల్చడానికి ఆధారం ఏదీ మిగలలేదు. అందువల్ల కొత్త స్క్రిప్ట్‌కు ఒకే ఒక్క షరతు పెట్టాను: బ్రౌజర్ పంపిన బైట్లు, వాటికి ఎవరూ ఏ అర్థమూ చెప్పకముందే, డిస్కు మీదికి చేరాలి.

పరికరాలు: ఉబుంటు 24.04, వెబ్ సర్వర్‌గా అపాచీ, అందులో స్క్రిప్టులు నడిపే పీహెచ్‌పీ 8.3, పరీక్ష అభ్యర్థనలు పంపడానికి కర్ల్, బైట్లను చూడడానికి ఓడీ, ఫైర్‌ఫాక్స్‌లోని నెట్‌వర్క్ పలక. కోడ్‌లోని పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాశాను. టైపు చేసేటప్పుడు అవి ఇంగ్లీషు అక్షరాలలో ఉండాలి. ఫీల్డు పేర్లకు కూడా ఇదే వర్తిస్తుంది.

దశ 1: ఒక చిన్న బాడీ కొలతలు

పరిమితులు నిర్ణయించే ముందు, తెలుగు పదం ఫారం గుండా వెళ్లేటప్పుడు ఎంత పెరుగుతుందో కొలవాలి. తెలుగు లిపిలోని ప్రతి కోడ్ పాయింట్ (యూనికోడ్ ఒక్కో గుర్తుకు ఇచ్చిన సంఖ్య) యూటీఎఫ్-8లో 3 బైట్లు. సాధారణ ఫారం ఎన్‌కోడింగ్‌లో ప్రతి బైటు ఒక శాతం గుర్తుగా, రెండు షోడశాంశ అంకెలుగా మారుతుంది కాబట్టి ఒక్కో కోడ్ పాయింట్ 9 బైట్లవుతుంది. ఒత్తులూ గుణింతపు గుర్తులూ విడి కోడ్ పాయింట్లేనని మరువకూడదు.

తొవ్వ: 5 కోడ్ పాయింట్లు, 15 బైట్లు, ఎన్‌కోడ్ అయ్యాక 45.
దారి: 4 కోడ్ పాయింట్లు, 12 బైట్లు, ఎన్‌కోడ్ అయ్యాక 36.
ఎర్రగడ్డ: 8 కోడ్ పాయింట్లు, 24 బైట్లు, ఎన్‌కోడ్ అయ్యాక 72.

పదం ఫీల్డు పేరు 5 ఇంగ్లీషు అక్షరాలు, అర్థం ఫీల్డు పేరు 6. తొవ్వ, దారి కలిపి పంపితే బాడీ (అభ్యర్థనలో హెడర్ల తరువాత వెళ్లే అసలు సమాచారం) మొత్తం 95 బైట్లు రావాలి. కంటెంట్-లెంగ్త్ హెడర్‌లో కచ్చితంగా 95 కనిపించింది. ఈ లెక్క మీ దగ్గర సరిపోకపోతే ముందుకు వెళ్లవద్దు. పేజీ యూటీఎఫ్-8 అని ప్రకటించలేదని దాని అర్థం. ఆ కథ దశ 8లో వస్తుంది.

ఇప్పటికి: పరీక్ష నమూనాలు 2.

దశ 2: నిండిన బాడీ, ఖాళీ $_పోస్ట్

పేజీని మళ్లీ లోడ్ చేయకుండా పంపడానికి జావాస్క్రిప్ట్‌లోని ఫెచ్‌ను వాడినప్పుడు, సర్వర్ వైపు $_పోస్ట్ (పీహెచ్‌పీ ఫారం విలువలను విడగొట్టి ఉంచే జాబితా) ఖాళీగా వచ్చింది. నెట్‌వర్క్ పలకలో మాత్రం 95 బైట్లు వెళ్లినట్టే ఉంది. బాడీ ఏ రూపంలో ఉందో కంటెంట్-టైప్ హెడర్ చెబుతుంది. పీహెచ్‌పీ రెండు కంటెంట్-టైప్‌లకు మాత్రమే $_పోస్ట్‌ను నింపుతుంది: సాధారణ ఫారం ఎన్‌కోడింగ్ ఒకటి, మల్టీపార్ట్ ఫారం డేటా మరొకటి. ఫెచ్‌కు బాడీని మామూలు స్ట్రింగ్‌గా ఇస్తే, హెడర్ విడిగా చెప్పనంతవరకు అది టెక్స్ట్/ప్లెయిన్ అని వెళుతుంది. ఒకే సమాచారాన్ని మూడు రకాలుగా పంపి చూడగా తేడా తేటతెల్లమైంది.

1. మామూలు స్ట్రింగ్: $_పోస్ట్ ఖాళీ, ముడి బాడీని చదివే చోటైన పీహెచ్‌పీ://ఇన్‌పుట్‌లో మొత్తం బాడీ ఉంది.
2. యూఆర్ఎల్‌సెర్చ్‌పారామ్స్ వస్తువు: రెండింటిలోనూ ఉంది.
3. ఫారమ్‌డేటా వస్తువు: $_పోస్ట్ నిండింది, పీహెచ్‌పీ://ఇన్‌పుట్ ఖాళీ.

మూడవది అసలు చిక్కు. ఫారమ్‌డేటా మల్టీపార్ట్‌గా వెళుతుంది. మల్టీపార్ట్ బాడీని పీహెచ్‌పీ మన స్క్రిప్ట్ మొదలయ్యేలోపే చదివి విడగొట్టేస్తుంది, ముడి రూపం మనకు చిక్కదు. ఎనేబుల్_పోస్ట్_డేటా_రీడింగ్ అనే సెట్టింగును ఆపితే ముడి బాడీ దొరుకుతుంది గానీ, దాని పరిధిలోని స్క్రిప్టులన్నింటికీ $_పోస్ట్, $_ఫైల్స్ రెండూ నిండడం ఆగిపోతుంది. అదే ఫోల్డరులో వేరే ఫారాలు ఉన్నందున ఆ దారి వద్దనుకున్నాను.

దీనికి చెల్లించిన మూల్యం పరిమాణం. వాడుక సందర్భం ఫీల్డులో 500 కోడ్ పాయింట్లు, వాటిలో 60 ఖాళీలు ఉన్నాయనుకుంటే, సాధారణ ఎన్‌కోడింగ్‌లో 4,020 బైట్లు, మల్టీపార్ట్‌లో 1,380 బైట్లు. రెండవదానికి ఒక్కో ఫీల్డుకు దాదాపు 90 బైట్ల హెడర్ తోడవుతుంది. అంటే పదిహేను అక్షరాలు దాటిన ఏ తెలుగు ఫీల్డుకైనా మల్టీపార్టే పొదుపు. అయినా నాలుగు కిలోబైట్లు ఎవరికీ బరువు కాదు, ఈ ఫారంలో ఫైలు అప్‌లోడ్ లేదు. ముడి బాడీ చేతికి చిక్కడమే ఇక్కడ ముఖ్యం కాబట్టి సాధారణ ఎన్‌కోడింగ్‌నే ఉంచాను.

ఇంకొక చిన్న వైఫల్యం: కంటెంట్-టైప్‌ను ఆశించిన పేరుతో అక్షరానికక్షరం పోల్చినప్పుడు, రెండవ రకం అభ్యర్థన కూడా తిరస్కరణకు గురైంది. యూఆర్ఎల్‌సెర్చ్‌పారామ్స్ ఆ పేరు చివర సెమికోలన్ పెట్టి క్యారెక్టర్ సెట్‌ను కూడా చేరుస్తుంది. సెమికోలన్ దగ్గర కత్తిరించి, ఖాళీలు తీసి, చిన్న అక్షరాలలోకి మార్చి పోల్చిన తరువాత కుదిరింది. సరిపోని రకాలకు స్క్రిప్ట్ 415 (ఈ రకం అంగీకరించను) అనే జవాబు ఇస్తుంది.

ఇప్పటికి: పరీక్ష నమూనాలు 5.

దశ 3: స్వీకరణ స్క్రిప్ట్

ఈ స్క్రిప్ట్ ఏ ఫీల్డునూ చూడదు. దాని పని ఇంతే.

1. పద్ధతి పోస్ట్ కాకపోతే 405 (ఈ పద్ధతి చెల్లదు), కంటెంట్-టైప్ సరిపోకపోతే 415 ఇచ్చి ఆగాలి.
2. ఫైల్_గెట్_కంటెంట్స్‌తో పీహెచ్‌పీ://ఇన్‌పుట్ నుంచి గరిష్ఠంగా 65,537 బైట్లు చదవాలి.
3. చదివినది 65,536 దాటితే 413 (బాడీ మరీ పెద్దది) ఇచ్చి ఆగాలి.
4. బాడీకి షా-256 హాష్ (ఆ బైట్లకు వేలిముద్ర వంటి గుర్తు) కట్టాలి. 64 అక్షరాల ఆ హాషే ఫైలు పేరు. మొదటి రెండు అక్షరాలు ఉపఫోల్డరు పేరు.
5. ఎఫ్ఓపెన్‌ను ఎక్స్ మోడ్‌లో తెరిచి, మొదటి వరుసలో కంటెంట్-టైప్, రెండవ వరుసలో వచ్చిన సమయం, తరువాత ఒక ఖాళీ వరుస, ఆపై బాడీ రాయాలి.
6. రాసిన బైట్ల సంఖ్యను సరిచూసి, ఎఫ్‌సింక్ చేసి (అంటే డిస్కు మీదికి చేరేలా చూసి) మూయాలి.
7. అంతా సవ్యంగా జరిగితేనే 303తో ధన్యవాదాల పేజీకి పంపాలి.

పరిమితి కంటే ఒక బైటు ఎక్కువ చదవడం కావాలనే. సరిగ్గా 65,536 మాత్రమే చదివితే, బాడీ అంతేనో, ఇంకా మిగిలి ఉందో తెలియదు. కంటెంట్-లెంగ్త్ హెడర్‌ను నమ్మి ఈ నిర్ణయం చేయలేదు. భాగాలు భాగాలుగా పంపే క్లయింట్లు ఆ హెడర్‌ను పంపకపోవచ్చు.

కంటెంట్-టైప్‌ను బాడీతోపాటే దాచడం అవసరం. అది లేని బాడీ రేపు ఏ నియమంతో విడగొట్టాలో తెలియని బైట్ల వరుస మాత్రమే. ఎక్స్ మోడ్ వల్ల మరో ఉపయోగం కూడా ఉంది: ఆ పేరుతో ఫైలు అప్పటికే ఉంటే తెరవడం విఫలమవుతుంది. ఫారంలో ప్రతి లోడ్‌కు మారే ఒక టోకెన్ ఉంది. కాబట్టి పంపు బటన్‌ను రెండుసార్లు నొక్కినవారి బాడీలు బైటుకు బైటు ఒకటే, హాష్ ఒకటే, రెండవది తనంతట తానే ఆగిపోతుంది. అదే పదాన్ని మరొకరు పంపితే టోకెన్ వేరు కనుక రెండూ నిలుస్తాయి. మొదట ఫోల్డర్లను తేదీల వారీగా పెట్టి చూస్తే, అర్ధరాత్రికి అటొకటి ఇటొకటి పడిన జంట నొక్కులు రెండు ఫైళ్లయ్యాయి. అందుకే హాష్ ఆధారంగా మార్చాను.

నిల్వ ఫోల్డరు వెబ్ మూల ఫోల్డరు బయట ఉండాలి, ఫైళ్ల అనుమతులు 0600 ఉండాలి.

ఇప్పటికి: పరీక్ష నమూనాలు 7, స్వీకరణ స్క్రిప్ట్ 46 వరుసలు. ఆ తరువాత ఈ ఫైలును ముట్టుకోలేదు.

దశ 4: విడగొట్టే స్క్రిప్ట్

విడగొట్టడం వేరే స్క్రిప్ట్ పని. అది క్రాన్ (నిర్ణీత వేళలకు పనులు నడిపే ఏర్పాటు) ద్వారా నడుస్తూ ముడి ఫైళ్లను చదువుతుంది. పార్స్_స్టర్ ఫంక్షన్ సిద్ధంగా ఉన్నా దాన్ని వాడలేదు. అది $_పోస్ట్ నియమాలనే పాటిస్తుంది: ఫీల్డు పేరులోని చుక్కలనూ ఖాళీలనూ కిందగీతలుగా మారుస్తుంది, ఒకే పేరు మళ్లీ మళ్లీ వస్తే చివరిదాన్ని మాత్రమే ఉంచుతుంది. ఈ పదాన్ని ఎవరు వాడతారు అన్న ప్రశ్నకు పాత ఫారంలో మూడు చెక్‌బాక్సులు ఒకే పేరుతో, చివర చదరపు బ్రాకెట్లు లేకుండా ఉన్నాయి. పెద్దలు, పిల్లలు రెండూ టిక్ చేసినవారి జవాబులో పిల్లలు మాత్రమే పట్టికకు చేరింది.

1. బాడీని యాంపర్‌సాండ్ గుర్తుల దగ్గర విడగొట్టాలి.
2. ప్రతి ముక్కను మొదటి సమాన గుర్తు దగ్గర మాత్రమే రెండుగా చేయాలి. గుర్తే లేకపోతే విలువ ఖాళీ అనుకోవాలి.
3. పేరునూ విలువనూ విడివిడిగా యూఆర్ఎల్‌డీకోడ్ చేయాలి. ఈ క్రమం తారుమారు కాకూడదు. ముందు డీకోడ్ చేస్తే విలువలోని సమాన గుర్తులు వేరుచేసే గుర్తులైపోతాయి.
4. ప్రతి పేరుకూ విలువల జాబితా కట్టాలి, వచ్చిన వరుస మారకూడదు.

ఇక్కడ కాసేపు తప్పుదారి పట్టించింది పరీక్షే గాని కోడ్ కాదు. కర్ల్‌లో డీ ఐచ్ఛికంతో +91తో మొదలయ్యే నంబరు పంపితే ముందున్న ప్లస్ మాయమై ఖాళీ వచ్చింది. ఫారం ఎన్‌కోడింగ్‌లో ప్లస్ అంటే ఖాళీ. నిజమైన ప్లస్‌ను బ్రౌజర్ %2బీగా మార్చి పంపుతుంది, కర్ల్ డీ ఐచ్ఛికం మాత్రం ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే పంపుతుంది. డేటా-యూఆర్ఎల్ఎన్‌కోడ్ ఐచ్ఛికానికి మారితే సరిపోయింది. నమూనాను ఫైలు నుంచి ఇచ్చేటప్పుడు డేటా-బైనరీ వాడాలి. డీ ఐచ్ఛికం ఫైలులోని వరుస ముగింపులను తీసేస్తుంది.

ఇప్పటికి: పరీక్ష నమూనాలు 12.

దశ 5: నిష్ఠ అనే పదం

విడగొట్టిన విలువలకు రెండు చివర్లా ఉన్న ఖాళీలను తీయాలి. వర్డ్ ఫైళ్ల నుంచి కాపీ చేసి అతికించేవారి పాఠంలో మామూలు ఖాళీతోపాటు విడిపోని ఖాళీ కూడా వస్తుంది. దాన్ని కూడా తీయడానికి ట్రిమ్ ఫంక్షన్‌కు రెండవ విలువగా ఆ అక్షరాన్ని ఇచ్చాను. వందల పదాలు సరిగా వెళ్లాయి. నిష్ఠ దగ్గర జేసన్_ఎన్‌కోడ్ ఫాల్స్ ఇచ్చింది, లాగ్‌లో యూటీఎఫ్-8 సరిగా లేదన్న సందేశం పడింది.

ముడి ఫైలును ఓడీతో తెరిచి డీకోడ్ చేసి చూస్తే చివరి అక్షరం ఠ సరిగానే ఉంది: 224, 176, 160. విడిపోని ఖాళీ యూటీఎఫ్-8లో 194, 160. ట్రిమ్ అక్షరాలను ఎరుగదు, బైట్లనే ఎరుగుతుంది. దానికి ఇచ్చింది ఒక అక్షరం కాదు, రెండు బైట్ల జాబితా. పదం చివర 160 కనిపించగానే దాన్ని తీసేసింది. మిగిలింది 224, 176. అది ఏ అక్షరమూ కాదు. ఠ అక్షరంతో ముగిసే ప్రతి పదానికీ ఇదే గతి: ప్రతిష్ఠ, పరాకాష్ఠ. అనుస్వారంతో ముగిసే పీఠం, పాఠం వంటివి తప్పించుకున్నాయి. ఠ కారాంత పదాలు అరుదు కాబట్టి మామూలు పరీక్షల్లో ఇది ఎప్పటికీ బయటపడదు. ట్రిమ్ గురించి పీహెచ్‌పీ పుస్తకాలు చూపే ఉదాహరణలన్నీ ఇంగ్లీషువే కావడం కూడా ఒక కారణమేమో.

మార్పు: ట్రిమ్ స్థానంలో, పాఠాన్ని యూటీఎఫ్-8గా చదివించే యూ మాడిఫయర్‌తో ప్రెగ్_రీప్లేస్ పెట్టాను. పీహెచ్‌పీ 8.4లో ఎంబీ_ట్రిమ్ వచ్చింది. అక్కడికి మారినవారికి ఈ తిప్పలు లేవు.

1. డీకోడ్ చేసిన వెంటనే, యూటీఎఫ్-8 సరిగా ఉందో లేదో ఎంబీ_చెక్_ఎన్‌కోడింగ్‌తో పరీక్షించాలి. విఫలమైన ఫైలును పక్క ఫోల్డరులో ఉంచాలి.
2. ఆ తరువాతే ఖాళీలు తీయాలి.
3. తీశాక మళ్లీ అదే పరీక్ష చేయాలి. రెండవ పరీక్ష పంపినవారి మీద కాదు, మన కోడ్ మీద.

సవరించిన స్క్రిప్ట్‌ను ముడి ఫైళ్లన్నింటి మీదా మొదటి నుంచి నడిపితే తెగిన పదాలన్నీ పూర్తిగా తిరిగి వచ్చాయి. ఎవరినీ మళ్లీ అడగనక్కరలేకపోయింది.

ఇప్పటికి: పరీక్ష నమూనాలు 15.

దశ 6: నిడివి

వాడుక సందర్భానికి బ్రౌజర్‌లో 500 గరిష్ఠ నిడివి పెట్టి, సర్వర్‌లో కోడ్ పాయింట్లను లెక్కించే ఎంబీ_స్ట్రెలెన్‌తో అదే సంఖ్యను సరిచూశాను. స్ట్రెలెన్ బైట్లను లెక్కిస్తుంది కాబట్టి అది పనికిరాదు. 500 తెలుగు అక్షరాలు దానికి 1,500. ఎంబీ_స్ట్రెలెన్‌తో కూడా, పాట పంక్తులు అతికించిన ఒక నమూనా తిరస్కరణ పాలైంది. వరుస ముగింపును బ్రౌజర్ 1గా లెక్కించి, పంపేటప్పుడు రెండు గుర్తులుగా పంపుతుంది. 20 వరుసల పాఠం బ్రౌజర్‌లో సరిగ్గా 500 ఉంటే సర్వర్‌లో 519 అవుతుంది. లెక్కకు ముందు జంట గుర్తులను ఒకటిగా మార్చడంతో తీరింది.

కంటికి కనిపించే అక్షరాలను లెక్కించే గ్రాఫీమ్_స్ట్రెలెన్‌ను పరిశీలించి వదిలేశాను. అమ్మ అన్న పదంలోని ఒత్తును దాని హల్లుతో కలిపి లెక్కించే నియమం యూనికోడ్ 15.1లో వచ్చింది, కాబట్టి సర్వర్‌లోని యూనికోడ్ వెర్షన్‌ను బట్టి ఫలితం మారే అవకాశం ఉంది. పరిమితి అనేది యంత్రాన్ని బట్టి మారకూడదు.

మరొక సంగతి: ఐత్వాన్ని ఒకే కోడ్ పాయింట్‌గానూ రాయవచ్చు, ఎత్వపు గుర్తు, ఐత్వపు పొడవు గుర్తు అనే రెండింటిగానూ రాయవచ్చు. చూడడానికి ఒకటే, వెతికితే వేరు. నార్మలైజర్‌తో, ఇలాంటి జంటలను ఒకే కోడ్ పాయింట్‌గా కలిపే ఎన్ఎఫ్‌సీ రూపంలోకి మార్చి పట్టికలో పెడుతున్నాను. ముడి ఫైలులో పంపినవారి రూపమే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వంటి మాటల్లో వచ్చే కనిపించని విడదీత గుర్తును వెతుకుడు కాలమ్‌లో మాత్రమే తీసేస్తున్నాను.

ఇప్పటికి: పరీక్ష నమూనాలు 17.

దశ 7: జాబితా పేజీ

ఒకేసారి చాలా పదాలు పంపేవారి కోసం 300 వరుసలు, వరుసకు 4 పెట్టెలు ఉన్న పాత పేజీ ఒకటి ఉంది. అంటే 1,200 ఫీల్డులు. పీహెచ్‌పీ ఒక అభ్యర్థనలో తీసుకునే ఫీల్డుల సంఖ్యకు పరిమితి పెట్టే మ్యాక్స్_ఇన్‌పుట్_వార్స్ సెట్టింగు అప్రమేయ విలువ 1,000. ఒకే హాష్‌కు వచ్చే వేల పేర్లతో సర్వర్‌ను కుంగదీసే దాడి 2011 చివర వెలుగులోకి వచ్చాక, 5.3.9లో ఈ పరిమితిని చేర్చారు. పరిమితి దాటినవాటిని పీహెచ్‌పీ వదిలేసి లాగ్‌లో హెచ్చరిక మాత్రం రాస్తుంది. పంపినవారికి ధన్యవాదాల పేజీయే కనిపిస్తుంది. పాత పట్టికలో జాబితాలు 250వ వరుస చుట్టుపక్కల ఎందుకు ఆగిపోయాయో దీనితో తేలింది.

సెట్టింగు పెంచడం కంటే పేజీని మార్చడం మేలనిపించింది. ఇప్పుడు ఒకే పెద్ద పెట్టె ఉంది. వరుసకొక పదం, ట్యాబ్‌తో వేరుచేసిన నాలుగు భాగాలు, స్ప్రెడ్‌షీట్ నుంచి నేరుగా అతికించవచ్చు. ఫీల్డులు 1,200 నుంచి 2కు తగ్గాయి, టోకెన్‌తో సహా. ఇంత పెద్ద పెట్టె 65,536 బైట్లు దాటుతుంది కనుక ఈ పేజీకి విడి చిరునామా, 1 మెగాబైటు పరిమితి ఇచ్చాను. పోస్ట్ బాడీకి పీహెచ్‌పీ పెట్టే పరిమితి, పోస్ట్_మ్యాక్స్_సైజ్, అప్రమేయంగా 8 మెగాబైట్లు ఉంది, దానికి ఇది లోబడే ఉంది.

ఇప్పటికి: పరీక్ష నమూనాలు 18.

దశ 8: పాత పట్టికలోని తెగిన పదాలు

కొత్త స్క్రిప్ట్ పేజీలో చూపేటప్పుడు, ట్యాగుల గుర్తులను మామూలు పాఠంగా మార్చే హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ వాడుతుంది. అది పెట్టగానే పాత పదాల స్థానంలో త వంటి సంఖ్యలు తెర మీద బారులు తీరాయి. పాత ఫారం పేజీ యూటీఎఫ్-8లో లేదు. పేజీ క్యారెక్టర్ సెట్‌లో లేని అక్షరాన్ని టైపు చేస్తే, బ్రౌజర్ దాన్ని ఇలాంటి సంఖ్యా సంకేతంగా మార్చి పంపుతుంది. 3108 అంటే త. పాత స్క్రిప్ట్ వాటిని ఏ రక్షణా లేకుండా పేజీలో పోసేది కాబట్టి బ్రౌజర్ మళ్లీ తెలుగులో చూపేది, ఎవరికీ అనుమానం రాలేదు. ఎవరైనా స్క్రిప్ట్ ట్యాగు పంపి ఉంటే అదీ అంతే నిరాటంకంగా నడిచేది.

పదం కాలమ్ నిడివి 40. ఒక్కో కోడ్ పాయింట్ 7 అక్షరాలు.

తొవ్వ: 5 × 7 = 35, పట్టింది.
ఎర్రగడ్డ: 8 × 7 = 56, 40 దగ్గర తెగింది.

ఎర్రగడ్డలో తొలి 5 కోడ్ పాయింట్లు 35 అక్షరాలు తీసుకున్నాయి. ఆరవదైన డ సంకేతం డ లో మొదటి 5 అక్షరాలే పట్టి Ķ అయింది. చివరి సెమికోలన్ లేకపోయినా బ్రౌజర్ దాన్ని 310వ అక్షరంగా చదువుతుంది. అది లాట్వియన్ భాష వాడే, కింద గుర్తున్న కే అక్షరం. పదాల చివర కనిపించిన పరదేశి అక్షరాలన్నీ ఇలా పుట్టినవే. డేటాబేస్, స్ట్రిక్ట్ మోడ్ (పట్టని విలువను తిరస్కరించే అమరిక) లేని మైఎస్‌క్యూఎల్ కావడంతో, కోత పడినప్పుడు పొరపాటు సందేశం రాలేదు.

1. 3072 నుంచి 3199 వరకు ఉన్న సంఖ్యా సంకేతాలను మాత్రమే ఎంబీ_సీహెచ్ఆర్‌తో అక్షరాలుగా మార్చాలి. 8204ను కూడా చేర్చాలి.
2. హెచ్‌టీఎంఎల్_ఎంటిటీ_డీకోడ్‌ను మొత్తంగా నడపకూడదు; నిద్రలో ఉన్న ట్యాగులు కూడా లేస్తాయి.
3. నిడివి సరిగ్గా 40 ఉండి, చివర పూర్తికాని సంకేతం ఉన్న వరుసలకు తెగినది అని గుర్తు పెట్టాలి.

మార్చిన తరువాత 5 కోడ్ పాయింట్లకు మించని పదాలన్నీ క్షేమంగా ఉన్నాయి. అంతకంటే పొడవైన ప్రతి పదమూ తెగింది. అర్థం కాలమ్ పెద్దది కనుక దాన్ని బట్టి కొన్నింటిని ఊహించవచ్చు. ఉల్లిపాయ అని అర్థం ఉండి ఎర్రగ అని మిగిలితే అది ఎర్రగడ్డే. మిగతావాటిని ఊహతో పూరించడానికి ఒప్పుకోలేదు. మాండలిక పదకోశంలో ఊహించి రాసిన రూపం తెగిన రూపం కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. దశ 5లో పోయినవి ముడి ఫైళ్లున్నాయి కాబట్టి తిరిగి వచ్చాయి. ఇక్కడ ఆ అవకాశం లేదు.

ఇప్పటికి: పరీక్ష నమూనాలు 20, విడగొట్టే స్క్రిప్ట్ 118 వరుసలు.

దశ 9: ముడి ఫైళ్ల గడువు

ముడి బాడీలో పంపినవారి ఫోను నంబరు కూడా ఉంటుంది. దాన్ని పట్టికలో ఎంత జాగ్రత్తగా దాచినా, ముడి ఫైలులో తెరిచిన పుస్తకమే. పదాల సేకరణకు నంబరుతో పని లేదు కాబట్టి ఆ ఫీల్డునే ఫారం నుంచి తీసేశాను. పాత నంబర్లున్న ముడి ఫైళ్లకు 90 రోజుల గడువు పెట్టాను. ఫైండ్ ఆదేశం రోజూ ఉదయం వాటిని వెతికి తొలగిస్తుంది. నంబరు లేని ఫైళ్లకు గడువు లేదు. బ్యాకప్‌లో అవే మొదట వెళతాయి, పట్టిక తరువాత.

మిగిలిన పని: తెగినవని గుర్తు పెట్టిన పదాలకు అర్థాన్ని, మండలాన్ని పక్కన చూపి, ఆ ప్రాంతం వారినే పూర్తి రూపం అడిగే పేజీ. ఆ జవాబులు కూడా 46 వరుసల స్వీకరణ స్క్రిప్ట్ గుండానే వస్తాయి.